ఏడు బండ్లు – ఆరు రిపేర్లు – ఒక పాఠం

ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అని పెద్దలు అన్నారు. మా బండ్లు మాత్రం ఓడలూ కాలేదు, బండ్లుగానూ మిగల్లేదు. కలువాయి నుండి ఉదయగిరి పోయి వచ్చేలోగా ఏడింటిలో ఆరు ఆగిపోయాయి. ఆ సంగతి ఈ వార్షికోత్సవ సంచికలో రాయమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. నవ్వుకోవడానికి అడిగారని తెలుసు. నవ్వుకోండి. నవ్వాక మాత్రం చివరిదాకా చదవండి. ఎందుకంటే ఇందులో కొంత నవ్వే విషయం కాదు. పైగా మీలో చాలామంది రేపో మాపో బండి ఎక్కేవాళ్లే.

మేమంతా ఈ హాస్టల్లో ఒకే పళ్లెం వరసలో కూర్చుని తిన్నవాళ్లం. ఒకరు టీచరు, ఒకరు కండక్టరు, ఒకరు పంచాయతీ ఆఫీసులో, ఇద్దరు నెల్లూరులో ప్రైవేటు కొలువులు. అందరికంటే చిన్నవాడు యూనిఫాం ఉద్యోగపు పరుగు పరీక్షకు తయారవుతున్నాడు. 2012 ఫిబ్రవరిలో ఒక ఆదివారం అందరం కలిసి మోటారు సైకిళ్ల మీద ఉదయగిరి కొండ చూసి రావాలని అనుకున్నాం. ఏడు బండ్లు, పన్నెండు మందిమి. చేజర్ల మీదుగా పెన్న దాటి ఆత్మకూరు, అక్కడి నుండి మర్రిపాడు, ఆపైన ఉదయగిరి. పొద్దున ఆరుకు బయలుదేరాలని చెప్పుకున్నాం. బయలుదేరేసరికి ఎనిమిదైంది.

అందరినీ పిలిచామని పైన రాశాం. అది నిజం కాదు. మాతోపాటు తొమ్మిదో తరగతి దాకా చదివి, ఇంటి పరిస్థితుల వల్ల మానేసి, ఆత్మకూరు వైపు ఒక షెడ్డులో చేరి మెకానిక్ అయిన మిత్రుడు ఒకడున్నాడు. అతణ్ణి మేం పిలవలేదు. కావాలని వదిలెయ్యలేదు. జాబితా రాస్తుంటే ఉద్యోగాలున్న వాళ్ల పేర్లే వరసగా గుర్తొచ్చాయి. అంతే. ఆ "అంతే" ఎంత పెద్దదో సాయంత్రానికి తెలిసింది.

ఇక ఏ బండి ఎందుకు ఆగిందో, ఏం చేసి ఉండాల్సిందో వరసగా చెబుతాం.

మొదటిది: పంక్చరు

చేజర్ల చేరకముందే వెనక బండి ఊగడం మొదలైంది. కంప ముల్లు దిగింది. వెనక చక్రం మీదే ఎక్కువ బరువు పడుతుంది, ఎక్కువ పంక్చర్లు వెనక చక్రానికే అవుతాయి. మా దగ్గర పంపు లేదు, మారు ట్యూబు లేదు, చక్రం విప్పే పానా లేదు. వేరే బండి మీద మనిషిని పంపి పంక్చరు వేసే అతణ్ణి తెచ్చుకున్నాం. అతను ప్యాచీ వేశాడు, గాలి కొట్టాడు. నాలుగు కిలోమీటర్లు పోయామో లేదో మళ్లీ అదే చక్రం!

ట్యూబుకు ప్యాచీ వేస్తే సరిపోదు. ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోతుంది. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తడిమి చూడాలి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టు. పనివాడు మరిచినా మనం అడగాలి. తొందరలో "కానియ్ అన్నా, పోవాల" అన్నది మేమే. తప్పు మాదే.

రెండోది: పెట్రోలు ఉండి ఆగిన బండి

ఇది మమ్మల్ని బాగా ఏడిపించింది. ట్యాంకు నిండా పెట్రోలుంది. బండి రెండు మూడు కిలోమీటర్లు పోతుంది, గుక్కపట్టినట్టు కొట్టుకుంటుంది, ఆగుతుంది. పది నిమిషాలు నిలబెడితే మళ్లీ స్టార్టవుతుంది. టీచరు మిత్రుడు ఫిజిక్సు చెప్పేవాడే. అతనికీ అంతు చిక్కలేదు.

అప్పుడు మాలో ఒకడు తటపటాయిస్తూ, "వాడికి ఫోన్ చేద్దామా? నంబరుంది" అన్నాడు. వాడంటే ఎవరో అందరికీ అర్థమైంది.

ఫోనెత్తాడు. "ఏందిరా, ఎక్కడుండారు?" అన్నాడు. చెప్పాం. "ఎంతమంది?" అన్నాడు. "అందరం" అని నోరు జారింది. అటువైపు కాసేపు మాట రాలేదు. తర్వాత మామూలుగానే, "సరే, ట్యాంకు మూత తియ్యండి. బుస్సుమని గాలి లోపలికి పోయిందా?" అన్నాడు. తీశాం. పోయింది. "మూత కింద ఏమన్నా పెట్టినారా?" నిజమే. మూత పక్కల పెట్రోలు చిమ్ముతోందని బండి మిత్రుడు ప్లాస్టిక్ కాగితం మడిచి పెట్టాడు. "అది తీసి పారెయ్యి" అన్నాడు. తీశాం. బండి సాయంత్రం దాకా మళ్లీ ఆ పేచీ పెట్టలేదు.

కారణం చాలా సులువు. నూనె డబ్బాకు ఒక్కటే చిల్లు పెడితే నూనె గుటకలు గుటకలుగా పడుతుంది. రెండో చిల్లు పెడితే ధారగా పడుతుంది. రెండో చిల్లులో నుండి గాలి లోపలికి పోవాలి. కార్బరేటరు బండిలో పెట్రోలు తన బరువుతోనే కిందికి దిగుతుంది. దిగినంత మేర గాలి లోపలికి రావాలి. అందుకు ట్యాంకు మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు దిగదు. పది నిమిషాలు నిలబెడితే ఎలాగో కొంత గాలి చేరి మళ్లీ కదులుతుంది. ఇది ఎనిమిదో తరగతి పాఠమే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠమే. బండి దగ్గర గుర్తు రాలేదు.

మూడోది: క్లచ్ వైరు

ఆత్మకూరు దాటాక ఒక బండి క్లచ్ వైరు తెగింది. ఈ వైరు ఒక్కసారిగా తెగదు. సన్నని తీగలు చాలా కలిపి పేనిన వైరు అది. లోపల తుప్పు పట్టి ఒక్కొక్క పోగే తెగుతూ వస్తుంది. క్లచ్ బిగుసుగా పడుతోందంటే, చేతి దగ్గర పోగులు లేచి కనిపిస్తున్నాయంటే అది నోటీసు ఇచ్చినట్టు. నెలకోసారి రెండు చుక్కల ఆయిల్ వేస్తే చాలా కాలం వస్తుంది. దూరం పోయేవాళ్లు కొత్త వైరును పాత వైరు పక్కనే కట్టి ఉంచుకుంటే, తెగినప్పుడు రెండు కొసలు మార్చుకుంటే సరిపోతుంది. మేం మాత్రం మళ్లీ ఆత్మకూరు పోయి వైరు కొనుక్కుని వచ్చాం.

నాలుగోది: మసి పట్టిన ప్లగ్గు

మాలో ఒకడిది పాత టూ స్ట్రోకు బండి. ఆ బండ్లలో పెట్రోలులో ఆయిల్ కలపాలి. దూర ప్రయాణం కదా, ఇంజను చల్లగా ఉండాలని అతను లెక్కకు మించి ఆయిల్ పోశాడు. ఆ ఆయిల్ పూర్తిగా కాలక ప్లగ్గు మొన మీద మసిగా పేరుకుంది. మసి కరెంటును పక్కదారి పట్టిస్తుంది. నిప్పురవ్వ పుట్టదు. ప్లగ్గు విప్పి, మసి గీకి, మొనల మధ్య సందు సరిచేస్తే స్టార్టయింది. ఆ సందు సాధారణంగా ముప్పావు మిల్లీమీటరు లోపే ఉంటుంది. బండితో ఇచ్చే పుస్తకంలో ఎంతో రాసి ఉంటుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ మంచిదనుకోవడం బండి విషయంలోనూ పొరపాటే, పొలానికి వేసే మందు విషయంలోనూ పొరపాటే.

ఐదోది: చైను

ఉదయగిరి దగ్గర పడుతుండగా ఒక బండి చైను ఊడింది. అదృష్టం బాగుండి చక్రానికి చుట్టుకోలేదు. చుట్టుకుంటే చక్రం ఒక్కసారిగా బిగుసుకుని మనిషిని విసిరేస్తుంది. చైను కింది వరస మధ్యలో వేలితో ఎత్తి చూస్తే సుమారు 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మేర ఆడాలి. అంతకు బాగా మించితే వదులు. అసలు ఆడకపోతే బిగువు. బిగువు కూడా ప్రమాదమే, ఇద్దరు ఎక్కితే ఇంకా బిగుస్తుంది. చైను లాకుకు ఒక వైపు మూసి, ఒక వైపు తెరిచి ఉంటుంది. మూసిన వైపు చైను పోయే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు ఊడిపోతుంది. మాది తిరగేసి ఉంది.

ఇన్ని ఆగి ఉదయగిరి చేరేసరికి సాయంత్రం నాలుగు. కొండ ఎత్తు 3,079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి ఈ దుర్గాన్ని గెలవడానికి సుమారు ఏడాదిన్నర ముట్టడి వెయ్యవలసి వచ్చింది, 1514లో గెలిచాడు. మేం రెండు గంటల్లో ఎక్కి దిగాలంటే ఎలా కుదురుతుంది? కింద నిలబడి కొండను చూసి, భోజనమో టిఫినో తెలియని ఒకటి తిని వెనక్కి తిరిగాం.

ఆరోది: హెడ్‌లైటు

తిరుగు దారిలో చీకటి పడింది. అందరికంటే చిన్నవాడి బండికి లైటు పోయింది. మిగతా వాళ్లకు అప్పటికే విసుగు. "ఒక్కడి కోసం అందరం ఎన్నిసార్లు ఆగాల?" అని ఒకరు, "రేపు పొద్దున డ్యూటీ ఉంది" అని ఒకరు. నాలుగు బండ్లు ముందుకు పోయాయి. ఇంకో రెండు బండ్ల వెనక, వాటి ఎర్ర లైటు చూసుకుంటూ అతను వస్తున్నాడు. మాట్లాడుకుంటూ ఆ రెండూ కొంచెం వేగం పెంచాయి. వెనక్కి తిరిగి ఎవరూ చూడలేదు.

మా మెట్ట ఊళ్లలో కంది కోతల కాలంలో కంది కట్టెను రోడ్డు మీద పరుస్తారు. బండ్లు తొక్కితే గింజ రాలుతుంది. కుప్ప మీదికి ఎవరూ రాకుండా చుట్టూ రాళ్లు పెడతారు. అతను ఆ రాయి చూడలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఒక సెకను పడుతుంది. అంటే బ్రేకు పడకముందే 11 మీటర్లు పోతాం. లైటు లేనివాడికి రాయి కనిపించేది రెండు మూడు మీటర్ల దగ్గరే.

హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. కుడి వైపు కాలర్ ఎముక విరిగింది. పక్క చేలో కాపలా ఉన్న రైతు పరుగున వచ్చి, అతణ్ణి కదిలించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాడు. మేం వెనక్కి తిరిగి వచ్చేసరికి ఆ రైతు తన తువ్వాలు మడిచి అతని తల కింద పెట్టి ఉన్నాడు.

అప్పుడు మళ్లీ ఫోన్ చేశాం. మెకానిక్ మిత్రుడు పాత మోపెడ్డు మీద, భుజాన సామాను సంచితో వచ్చాడు. ఎవరినీ ఏమీ అనలేదు. వంగిన హ్యాండిలు సరిచేశాడు. తర్వాత హెడ్‌లైటు దగ్గర కూర్చుని స్విచ్చి పైకి తోశాడు. లైటు వెలిగింది.

ఆ బల్బులో రెండు తీగలుంటాయి. ఒకటి డిమ్ముకు, ఒకటి బ్రైటుకు. డిమ్ము తీగ కాలింది. బ్రైటు తీగ బాగానే ఉంది. బొటనవేలితో స్విచ్చి ఒక్కసారి మారిస్తే సరిపోయేది. మా పన్నెండు మందిలో ఒక్కరికీ ఆ ఆలోచన రాలేదు. ఆ ఏడాది ఆ తమ్ముడు పరుగు పరీక్షకు పోలేకపోయాడు.

ఎందుకు ఇన్ని ఆగుతాయి?

"మా బండి ఒక్కటే పోతే ఎప్పుడూ ఆగదే, గుంపుగా పోతేనే ఎందుకిలా?" అని చాలామంది అంటారు. దీనికి లెక్క ఉంది. పదో తరగతి పిల్లలు వేసి చూడండి. ఒక బండి ఒక రోజు ప్రయాణంలో ఆగే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. ఆగకుండా పోయే అవకాశం 0.9. ఏడు బండ్లూ ఆగకుండా పోవాలంటే 0.9ని ఏడుసార్లు హెచ్చించాలి. సుమారు 0.48 వస్తుంది. అంటే ఒక్క బండి అయినా ఆగే అవకాశం సగానికి పైనే. ఒకటి ఆగితే ఏడూ ఆగినట్టే. కాబట్టి గుంపు ప్రయాణంలో రిపేరు వస్తే ఏం చెయ్యాలో కాదు, వస్తుందనుకునే బయలుదేరాలి.

ఇది మనకే కాదు. చేగువేరా తన మిత్రుడు ఆల్బర్టో గ్రనాడోతో 1952 జనవరిలో దక్షిణ అమెరికా యాత్రకు పాత నార్టన్ మోటారు సైకిలు మీద బయలుదేరాడు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరుకు "బలశాలి" అని అర్థం. ఆ బలశాలి దారి పొడవునా చెడిపోతూ వచ్చి చిలీ దేశంలో పూర్తిగా మూలపడింది. ఆ తర్వాత వాళ్లు లారీల మీద, పడవల మీద, కాలినడకన పోయారు. బండి ఆగింది గానీ ఇద్దరూ ఒకరినొకరు వదల్లేదు. మేం అక్కడే తప్పాం.

ఇప్పటి బండ్ల సంగతి

ఇప్పుడు వస్తున్న బండ్లు వేరు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో కార్బరేటరు దాదాపు పోయింది, ఇంజెక్షను వచ్చింది. వీటిలో పెట్రోలు పంపు సాధారణంగా ట్యాంకులోనే ఉంటుంది. ఆ పంపును చల్లబరిచేది పెట్రోలే. కాబట్టి అడుగంటే దాకా నడపకూడదు. బ్యాటరీ పూర్తిగా పడిపోతే తోసి స్టార్టు చెయ్యడం కూడా కష్టం. ట్యూబు లేని టైర్లకు చక్రం విప్పకుండానే బయటి నుండి పంక్చరు వెయ్యవచ్చు. ఆ కిట్టు చిన్న సంచిలో పడుతుంది. అయితే చైను చైనే, బ్రేకు బ్రేకే, బల్బు బల్బే. అవి మారలేదు.

గుంపుగా పోయేవాళ్లకు మా మాట

1. ముందురోజే టైర్ల గాలి, చైను, బ్రేకులు, క్లచ్ వైరు, హెడ్‌లైటు డిమ్ము-బ్రైటు, వెనక ఎర్ర లైటు చూసుకోవాలి. పొద్దున బయలుదేరేటప్పుడు కాదు.
2. గుంపుకు ఒక సంచి: పానాలు, ప్లగ్గు పానా, మారు ప్లగ్గు, క్లచ్ వైరు, చైను లాకు, బల్బు, ఫ్యూజు, పంక్చరు సామాను, పంపు, టార్చిలైటు, తీగ, గుడ్డ.
3. నెమ్మదిగా పోయే బండి ముందు ఉండాలి. పని తెలిసినవాడు, సామాను సంచితో, అందరికంటే వెనక ఉండాలి.
4. ప్రతి ఒక్కరూ తన వెనకవాణ్ణి అద్దంలో చూసుకుంటూ ఉండాలి. కనపడకపోతే ఆగాలి. ఇది ఒక్కటి పాటిస్తే గుంపు తెగదు.
5. బండికీ బండికీ మధ్య మూడు సెకన్ల దూరం. 40 కిలోమీటర్ల వేగంలో అది 33 మీటర్లు.
6. లైటు లేని బండి రాత్రి నడవకూడదు. దగ్గరి ఊళ్లో పెట్టి, మనిషిని ఇంకో బండి మీద ఎక్కించుకోవాలి.
7. పద్దెనిమిది నిండక, లైసెన్సు లేక గేరు బండి ఎక్కకూడదు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి.
8. ప్రమాదం చూస్తే 108కి ఫోన్ చెయ్యాలి. మన రాష్ట్రంలో ఈ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. సాయం చేసినవాళ్లను ఇబ్బంది పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షను కూడా చేర్చారు. భయపడవలసిన పని లేదు.

చివరిగా

అంబేద్కర్ గారు తన స్వీయ అనుభవాల రచన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో 1929లో చాళీస్‌గావ్‌లో జరిగిన సంగతి రాశారు. ఆయనను ఎక్కించుకుని తోలడానికి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. అక్కడి మన వాళ్లు టాంగాను అద్దెకు తీసుకుని, తోలడం రాని తమలోనే ఒకరి చేతికి పగ్గాలిచ్చారు. వంతెన మీద ఆయన టాంగాలో నుండి విసిరేసినట్టు కింద పడ్డారు, కాలు విరిగింది. తోలినతను చెడ్డవాడు కాదు. ఎంతో అభిమానంతో తోలాడు. అతనికి ఆ పని రాదు, అంతే. అభిమానం ఒక్కటే చాలదు, పని రావాలి.

ఆ రోజుల్లో పని తెలిసినవాళ్లు మనల్ని దగ్గరికి రానివ్వలేదు. మేం చేసింది ఇంకా చిత్రం. మాలోనే పని తెలిసినవాడు ఉంటే, చదువు మధ్యలో ఆపాడని మేమే అతణ్ణి జాబితాలో రాయలేదు. హాస్టల్లో అందరూ కూర్చునేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదని మనకు నేర్పారు. ఉద్యోగాలు వచ్చాక ఆ వరసలో ఎవరు తక్కువయ్యారో చూడటం మరిచిపోయాం.

ఆ మరుసటి ఏడాది మళ్లీ ఉదయగిరి పోయాం. ఈసారి మొదట పిలిచింది అతణ్ణే. వెళ్లి క్షమించమని అడిగితే, "దానికేముందిలేరా, బండ్లు ముందురోజు సాయంత్రం షెడ్డు కాడికి తెచ్చి పెట్టండి" అన్నాడు. ముందు నడవమంటే ఒప్పుకోలేదు. సంచి భుజాన వేసుకుని అందరికంటే వెనక వచ్చాడు. ఎముక విరిగిన తమ్ముడు అందరికంటే ముందు నడిపాడు. దారిలో ఒక్క పంక్చరు మాత్రం అయింది. ఇరవై నిమిషాల్లో వేసుకున్నాం. పదకొండు కాకముందే కొండ ఎక్కడం మొదలుపెట్టాం.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! బాగా చదవండి. చదువుతోపాటు ఒక ప్లగ్గు విప్పడం, ఒక పంక్చరు వెయ్యడం కూడా నేర్చుకోండి. మీ తరగతిలో మధ్యలో మానేసిన వాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాసి దాచుకోండి. పదేళ్ల తర్వాత మీరు ఎక్కడికైనా కలిసి పోవాలనుకున్నప్పుడు ఆ కాగితం తీసి చూడండి.

– పూర్వ విద్యార్థులు